గుల్షన్ టాకీస్ లేడీస్ క్లాసు

పటాన్‌చెరు,
14 నవంబరు 1966

తమ్ముడు అహరోనుకు అక్క సుకుమారి దీవెనలు.

తెర మీద నీ పేరు చూశాను. "కథ, మాటలు" అని వేసి, కళ్లు ఆర్పేలోగా తీసేశారు. నేను గేటు దగ్గర టికెట్లు చించుతూ తలుపు సందులోంచి చూశాను కాబట్టి సగం పేరే కనబడింది. అయినా కన్నీళ్లు ఆగలేదు.

నాన్నకు చెప్పలేదు. నువ్వు మద్రాసులో ఏదో ప్రెస్సులో పని చేస్తున్నావనే ఆయన అనుకుంటున్నాడు. మీ బావ పోయాక నేను బడిలో ఇస్తామన్న పని వదిలేసి సినిమా హాల్లో ఆడవాళ్ల గేటు దగ్గర నిలబడ్డానన్న కోపమే ఆయనకు ఇంకా దిగలేదు. పోయిన ఆదివారం పాస్టరుగారు చీకటి గదుల్లో కూర్చునేవాళ్ల గురించి నా వైపే చూస్తూ ప్రసంగించారు. నేను ముందు వరుసలోంచి కదలలేదు. ఆయన భార్య సౌభాగ్యమ్మగారు శనివారం మ్యాట్నీకి ముసుగు కప్పుకుని వచ్చిన సంగతి నోటి దాకా వచ్చింది. మంచి ప్రేక్షకురాలిని పోగొట్టుకోవడం ఎందుకని ఊరుకున్నాను.

ఇక నీ గూఢచారి త్రినాథ్ సంగతి. భానూరు, ఇంద్రేశం నుంచి జనం సైకిళ్ల మీద, బండ్ల మీద విరగబడి వచ్చారు. కోటు వేసుకున్న త్రినాథ్ బూటు మడమ విప్పి అందులోంచి ఢిల్లీతో మాట్లాడితే హాలంతా నోరు తెరిచింది. పెద్దరాములు అనే రైతు బయటికొచ్చి చెప్పు చెవి దగ్గర పెట్టుకుని "అలో" అన్నాడు. ఆ బల్బుల గోడ, ఆ తిరిగే కుర్చీ, అన్నీ వాళ్లకు వింతే.

మా వైపు మాత్రం వేరే మాట నడిచింది. ఆఫీసులో త్రినాథ్‌కు ఫైలు అందించే టైపిస్టు ఉంది కదా, రెండు మాటలు మాట్లాడేది? త్రినాథ్ వెళ్లిపోయాక ఆమె బీరువాకు తాళం వేసి తాళంచెవులు బొడ్లో దోపుకుంది. ఇంద్రేశం కౌసల్యమ్మ పక్కామెను మోచేత్తో పొడిచి, "పెత్తనమంత గా పిల్లదే. తాళాలు ఆమె దగ్గర్నే ఉన్నయి సూడు. గీ కోటోడు ఉరుకుడే గని, ఇగ వాని చేతుల ఏముంది?" అంది. పన్నెండు బెంచీలూ నవ్వాయి. ఆ పిల్లను ఇంకొంచెం చూపించకూడదా అని నన్ను అడిగారు. నీకు చెప్పమన్నారని చెబుతున్నాను.

ఆరోగ్యం జాగ్రత్త. మద్రాసు కాఫీలు ఎక్కువ తాగకు.

నీ అక్క,
సుకుమారి


మద్రాసు,
2 డిసెంబరు 1966

అక్కా, వందనాలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ తాళంచెవుల సంగతి నేను రాసింది కాదు. ఆ వేషం వేసిన అమ్మాయికి ఇంట్లో ఉన్న అలవాటు అది. డైరెక్టరూ చూడలేదు, నేనూ చూడలేదు. మీ కౌసల్యమ్మగారు చూశారు.

నిర్మాతగారు రెండో బొమ్మ తీస్తానంటున్నారు. టైపిస్టును గూఢచారిణిని చేద్దామన్నాను. "కొత్తగా ఉంటుంది, రాయి" అన్నారు. ఆమెకు ఒక పేరు కావాలి. నువ్వే పెట్టు. మేనత్తలు కదా పేరు పెట్టేది.

అహరోను


పటాన్‌చెరు,
10 డిసెంబరు 1966

అహరోనూ,

కార్డు మీద చోటు లేదు కాబట్టి ఒక్క ముక్కలో చెబుతున్నాను. వసుంధర. గేటు దగ్గర నలభై మందిని అడిగి పెట్టిన పేరు. మార్చావంటే ఊరుకోం.

అక్క


మద్రాసు,
19 జులై 1971

అక్కకు,

ఉత్తరాలు రాయనందుకు తిట్టకు. చూస్తుండగానే ఐదేళ్లలో మూడు త్రినాథ్ బొమ్మలయ్యాయి. మూడోది మీ ఊరికి చేరి ఉంటుంది. వసుంధర రెండో బొమ్మలో ఓడలో దాక్కుంది, ఇందులో ఏకంగా ఓడరేవులో మోటారు సైకిలు నడిపింది. నువ్వు పెట్టిన పేరు గోడల మీద పడింది, చూశావా?

నాకు ఒక సహాయం కావాలి. జనం మారిపోయారని ఇక్కడ అందరూ భయపడుతున్నారు. ఫిల్ము పెట్టె వెంట రిప్రజెంటేటివ్ వస్తాడు కదా, వాడు పంపే కాగితంలో ఏ సీనుకు ఎన్ని ఈలలు పడ్డాయి, ఎక్కడ జనం బీడీకి లేచారు అన్నదే ఉంటుంది. ఆ కాగితం చూసే నిర్మాతగారు తర్వాతి కథ చెప్పమంటారు. ఆ కాగితం మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చూసింది చూసినట్టు రాయి. ముఖ్యంగా వసుంధర వచ్చినప్పుడు ఎలా ఉంది?

నాన్న దగ్గు తగ్గిందా?

అహరోను


పటాన్‌చెరు,
8 ఆగస్టు 1971

తమ్ముడూ,

నాన్న దగ్గు తగ్గింది, కోపం తగ్గలేదు. నువ్వు సినిమాలకు రాస్తున్నావని సౌభాగ్యమ్మగారే నోరు జారారు. ఆమెకు ఎలా తెలుసని ఎవరూ అడగలేదు, అది వేరే ముచ్చట.

జనం మారిన మాట నిజం. రామచంద్రాపురం వైపు పెద్ద కర్మాగారం వచ్చాక మా హాలు నేల క్లాసు నిండా ఖాకీ బట్టలే. షిఫ్టు దిగి నేరుగా వస్తారు. నీ విలన్ బల్బుల గోడ ముందు నిలబడి మీటలు నొక్కుతుంటే ఒకడు లేచి, "అరే, గా బల్బులన్ని ఎందుకుర? మా షాపుల ఒక్క మెషిన్‌కు గింతకన్న ఎక్కువున్నయి" అని అరిచాడు. వెనక నుంచి బీహారు అతను, "మెయింటెనెన్స్ కౌన్ కర్తా హై భాయ్?" అన్నాడు, వీటిని బాగుచేసేది ఎవరని. ఇక హాలు హాలంతా నవ్వు. పాపం విలన్ ప్రపంచాన్ని పేల్చేస్తానంటున్నాడు, ఒక్కడికీ వినబడలేదు. ఐదేళ్ల కింద చెప్పులో ఢిల్లీని వెతికిన ఊరేనా ఇది అనిపించింది. రోజంతా యంత్రాల మధ్య ఉండి వచ్చేవాళ్లకు నువ్వు అట్ట యంత్రాలు చూపిస్తే ఎలా? త్రినాథ్ కోటు విప్పి చేతులతో కొట్టినప్పుడు మాత్రం ఈలలకు రేకులు ఎగిరిపోతాయనుకున్నాను.

వసుంధర సంగతి అడిగావు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆమె తెర మీదికి వస్తే మా వైపు ఒక్క ఈల లేదు, చప్పట్లు లేవు. ఒక్కరంటే ఒక్కరు మాట్లాడరు. ఆ ఓడరేవు సీను పావుగంట ఉంది కదా, పావుగంటా అంతే. మూడు వారాలుగా రోజూ చూస్తున్నాను, రోజూ ఇదే.

ఇంతకన్నా ఏం చెప్పను? నీకే అర్థమవుతుంది.

సుకుమారి


మద్రాసు,
1 సెప్టెంబరు 1971

అక్కా,

నీ ఉత్తరం నిర్మాతగారికి చదివి వినిపించాను. ఎంత పనికొచ్చిందో చెప్పలేను. బల్బుల గోడ పీకేయమన్నారు. నాలుగో బొమ్మలో విలన్ గోదాంలో సరుకు దాచే మనిషి, కొట్లాటలు చేతులతోనే. వసుంధర విషయం కూడా నీ మాటను బట్టే తేల్చేశారు. నీలాంటి మనిషి ఊరికొకరు ఉంటే రిప్రజెంటేటివులు అక్కర్లేదన్నారు.

తొందరలో ఉన్నాను. మిగతాది తర్వాత.

అహరోను


పటాన్‌చెరు,
17 అక్టోబరు 1973

అహరోనూ,

దీవెనలు ఈసారికి లేవు.

వసుంధర విషయం నా మాటను బట్టే తేల్చారని నువ్వు రాస్తే నేను ఏమనుకోవాలి? ఈసారి బొమ్మంతా వసుంధరదేనని రెండేళ్లు గేటు దగ్గర చాటాను. కర్మాగారం క్యాంటీన్‌లో పనిచేసే సంగమ్మ, తన షిఫ్టు వేరేవాళ్లతో మార్చుకుని, ఆరుగురిని వెంటేసుకుని మొదటిరోజే వచ్చింది. తెర మీద ఏముంది? వసుంధర రెండు సీన్లలో కనబడింది. ఒకదాంట్లో త్రినాథ్‌కు టీ ఇచ్చింది. ఇంకోదాంట్లో కప్పు తీసుకుపోయింది.

ఇంటర్వెల్లో సంగమ్మ నా ముందుకొచ్చి నిలబడి, "ఏందక్క గిది? మోటార్ సైకిల్ నడిపినామె చాయ్ మోసుడేంది? మీ తమ్ముడు మా క్యాంటీన్ల గిట్ల దాగున్నడా?" అంది.

ఇంకో సంగతి. బాలప్ప సేటు ఆడవాళ్ల బెంచీలు పన్నెండింటిలో ఆరు పీకించి, ఆ జాగా నేల క్లాసులో కలుపుతానంటున్నాడు. "గీ బొమ్మలు ఆడోళ్లకెందుకమ్మ, కొట్లాటలేనాయె" అంటున్నాడు. ఈ బొమ్మ చూశాక నేను ఏం జవాబు చెప్పాలి?

ఎందుకు చేశావో రాయి.

సుకుమారి


మద్రాసు,
2 నవంబరు 1973

అక్కకు,

నీ కోపం చూసి నాకు ఆశ్చర్యమేసింది. ఎందుకు చేశావంటావా? నువ్వు చెప్పావు కాబట్టి. నీ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. ఒక్క ఈల లేదు, చప్పట్లు లేవు, పావుగంటా అంతే, మూడు వారాలూ అంతే అని నువ్వే రాశావు. నిర్మాతగారు అది విని, "సొంత అక్కే చెబుతోంది, ఆ పాత్ర చచ్చిపోయిందయ్యా" అన్నారు. నేను ఏమని వాదించను? రిప్రజెంటేటివ్ కాగితంలోనూ ఆమె సీన్ల దగ్గర సున్నాలే ఉన్నాయి. ఇష్టం లేకపోయినా తగ్గించాను. మేస్త్రీ ఎక్కడ చూపిస్తే అక్కడ గోడ కట్టేవాణ్ణి నేను.

ఒక మాటంటాను, ఏమీ అనుకోకు. బెంచీలు పోతే నీ గేటు పోతుందని నీకు భయం. ఆ భయాన్ని వసుంధర మీద పెట్టి చూస్తున్నావేమో. నీకు అంత కష్టంగా ఉంటే మద్రాసు వచ్చేయి, నేనున్నాను.

అహరోను


పటాన్‌చెరు,
9 నవంబరు 1973

అహరోనూ,

నీ పంచన చేరడానికి నేను రాను. నా గేటు నేను కాపాడుకుంటాను. ఆ మాట అన్నందుకు నిన్ను ఇంకా క్షమించలేదు, ముందుగా అది తెలుసుకో.

ఇక రెండోది. నువ్వు ఎప్పుడైనా లేడీస్ క్లాసులో కూర్చున్నావా? అమ్మ ఒళ్లో ఉన్నప్పుడు కూర్చున్నావు, అదీ బైబిలు బొమ్మకి. మా వైపు ఎలా ఉంటుందో చెబుతాను విను. ముప్ఫై మంది పిల్లలు ఏడుస్తుంటారు. పల్లీలు ఒలుస్తుంటారు. కోడళ్ల మీద చాడీలు, పొలం గట్ల తగాదాలు, ఎవరి ఒంట్లో ఏం బాగాలేదో, అన్నీ అక్కడే మాట్లాడుకుంటారు. వాళ్లకు ఇల్లు వదిలి కూర్చునే చోటు వేరే ఏముంది? త్రినాథ్ పాట పాడుతున్నా మాట్లాడతారు, విలన్ చస్తున్నా మాట్లాడతారు. హీరో పెళ్లికి కూడా వాళ్లు నోరు మూయలేదు.

అలాంటి ఆడవాళ్లు వసుంధర వస్తే నోరు మూశారని రాశాను రా. పిల్లల నోట్లో రొమ్ము పెట్టి మరీ చూశారు. పావుగంట సేపు పల్లీ పొట్టు రాలలేదు. నేను దాన్ని పొగడ్త అనుకుని రాశాను. నువ్వు దాన్ని చావు కబురు అనుకుని చదివావు.

మాకు ఈల వేయడం రాక కాదు. సంగమ్మ వేస్తే ఎద్దులు బెదిరి పారిపోతాయి. హాల్లో వేసిన ఆడది ఇంటికి పోయాక ఏమవుతుందో నీకు తెలియదా? ఈలలే లెక్క అయితే, ఈల వేయలేని మేమంతా సున్నాలమేనా?

నీ నిర్మాతగారికి ఇది కూడా చదివి వినిపించు.

సుకుమారి


మద్రాసు,
26 జనవరి 1976

అక్కా, వందనాలు.

రెండేళ్లుగా నువ్వు రాయలేదు, నేను రాయలేకపోయాను. నీ చివరి ఉత్తరం నిర్మాతగారికి చదివి వినిపించలేదు. నిజం చెప్పాలంటే ధైర్యం చాలలేదు.

ఐదో బొమ్మ ఏప్రిల్లో విడుదల. వేరే ఎవరి ద్వారానో నీకు తెలియడం కన్నా నేనే చెప్పడం మంచిది. విదేశీ విలన్లు జనానికి ఇప్పుడు అక్కర్లేదు. ఈసారి విలన్ మిల్లు యజమాని. జనం కోపం మీద ఉన్నారు, హీరో వాళ్లకన్నా కోపంగా ఉండాలి. ఆ కోపానికి ఒక కారణం కావాలి కదా. పదో రీలులో వసుంధర చనిపోతుంది. ఆమె శవాన్ని చేతుల మీద మోసుకుంటూ త్రినాథ్ మిల్లులోకి నడుస్తాడు. పబ్లిక్ కోరేది అదే అని అందరి అభిప్రాయం. నేను రాశాను. రాస్తున్నప్పుడు నువ్వే గుర్తొచ్చావు.

అహరోను


పటాన్‌చెరు,
3 ఫిబ్రవరి 1976

అహరోనూ,

పబ్లిక్ అంటే ఎవరు? పేరు, ఊరు చెప్పు, నేను వెళ్లి మాట్లాడతాను.

వసుంధరకు పేరు పెట్టడానికి నలభై మందిని అడిగాను. చంపడానికి నువ్వు ఒక్కరినీ అడగలేదు. మొగుడు పోయాక నేను పనికి పోయాను, చావలేదు. సంగమ్మ మొగుడు వదిలేశాక పనికి పోయింది, చావలేదు. ఒకడికి కోపం రావడం కోసం మేము చావాలా?

బెంచీలు ఇంకా పన్నెండూ ఉన్నాయి. బాలప్ప సేటు మనుషులను తెచ్చిన రోజు నేను, కౌసల్యమ్మ, ఇంకో తొమ్మిది మంది వాటి మీద కూర్చుని మధ్యాహ్నం బువ్వ అక్కడే తిన్నాం. వాళ్లు వెళ్లిపోయారు. నీ బొమ్మ కూడా రానీ.

సుకుమారి


పటాన్‌చెరు,
20 జూన్ 1976

అహరోనూ,

మీ రిప్రజెంటేటివ్ కాగితం ఇప్పటికే చేరి ఉంటుంది. వాడు ఏం రాశాడో నాకు తెలియదు. వాడి ముఖం చూస్తే ఏం రాయాలో వాడికీ తెలిసినట్టు లేదు.

పోయిన వారం శుక్రవారం ఫస్టు షోకు లేడీస్ క్లాసు నిండింది. పదో రీలు వచ్చింది. వసుంధరకు తుపాకి గుండు తగిలింది, పడిపోయింది, త్రినాథ్ "వసూ" అని అరిచాడు. నేల క్లాసులో ఈలలు మొదలయ్యాయి. మా వైపు ఎవరూ ఏడవలేదు. కౌసల్యమ్మ ఒక్క నిమిషం చూసి, "ఇగ సూసింది సాలు" అని బెంచీ మీదే కాళ్లు ఇవతలికి వేసి వెనక్కి తిరిగి కూర్చుంది. మా బెంచీలకు ఆనుకునే చెక్క ఉండదు కదా, తిరగడం సులువు. పక్కన సంగమ్మ తిరిగింది. తర్వాత ఆ వరుస, వెనక వరుస, చివరికి సౌభాగ్యమ్మగారు ముసుగు తీసేసి మరీ తిరిగారు. నూటయాభై మంది ఆడవాళ్లు తెరకు వీపు పెట్టి, వెనక కుర్చీల్లో ఉన్న మొగవాళ్ల ముఖాలు చూస్తూ కూర్చున్నారు. ఒక్క మాట లేదు.

మొదట కుర్చీల వాళ్లు నవ్వారు. తర్వాత ఒకడు కండువా సర్దుకున్నాడు. ఒకడు గోడ వైపు చూశాడు. మీ రిప్రజెంటేటివ్ ఒళ్లో కాగితం కింద పడేసుకున్నాడు. త్రినాథ్ మిల్లు తగలబెడుతున్నాడు, నేల క్లాసు నుంచి కూడా ఈలలు తగ్గిపోయాయి, అందరూ మా వైపే చూస్తున్నారు. బాలప్ప సేటు పరుగెత్తుకొచ్చి, "ఏం పరేషాన్ వచ్చిందమ్మ మీకు? జెర ఇటు తిరుగుండ్రి, బొమ్మ అటున్నది" అని బతిమాలాడు. కౌసల్యమ్మ, "మా టికెట్ మేం కొనుకున్నం సేటూ. ఎటు సూడాల్నో గది కూడ నువ్వే చెప్తవా?" అంది.

శనివారం మళ్లీ వచ్చారు. ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా వచ్చారు. రోజూ పదో రీలు దాకా చూడటం, తర్వాత వెనక్కి తిరగడం. ముత్తంగి నుంచి, ఇస్నాపూర్ నుంచి కూడా ఆడవాళ్లు వస్తున్నారు, తిరగడానికే. నేను ఎవరికీ నేర్పలేదు. నేర్పి ఉంటే గర్వంగా ఒప్పుకునేదాన్ని.

చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో ఇప్పుడైనా నీ నిర్మాతకు అర్థమైందేమో అడుగు.

సుకుమారి


మద్రాసు,
9 జులై 1976

అక్కా,

రిప్రజెంటేటివ్ కాగితంలో ఒకే వాక్యం ఉంది: "లేడీస్ క్లాసు బొమ్మ చూడటం లేదు, మమ్మల్ని చూస్తోంది." ఆఫీసులో అందరూ నవ్వారు. వారానికల్లా సంగారెడ్డి నుంచి, సదాశివపేట నుంచి అదే కబురు వచ్చింది. నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్లు లేకపోతే బొమ్మ రెండో వారం నిలవదని డిస్ట్రిబ్యూటరు ఫోను చేశాడు.

నేను ఇక్కడ మన మూడో బొమ్మ మళ్లీ ఆడుతుంటే వెళ్లాను. ఆడవాళ్ల వైపు గోడకు ఆనుకుని నిలబడి, కళ్లు మూసుకుని విన్నాను. ఓడరేవు సీను రాగానే గోడ అవతల అంతా ఆగిపోయింది. పదేళ్లుగా నేను ఈలలే వింటున్నాను అక్కా. నీ గేటు గురించి అన్న మాటకు క్షమాపణ అడుగుతున్నాను.

చివరి రీలు మార్చడానికి నిర్మాతగారు ఒప్పుకున్నారు. వసుంధర చావదు. ఆసుపత్రిలో కళ్లు తెరుస్తుంది. కొత్త రీలు రెండు వారాల్లో మీకు చేరుతుంది. మనం గెలిచాం.

నీ తమ్ముడు,
అహరోను


పటాన్‌చెరు,
27 జులై 1976

తమ్ముడూ,

క్షమించాను. ఇక కొత్త రీలు సంగతి.

వసుంధర కళ్లు తెరవగానే సౌభాగ్యమ్మగారు గట్టిగా "దేవునికి స్తోత్రం" అన్నారు, నిజంగానే బయటికే అన్నారు. వెంటనే ఆ పిల్ల త్రినాథ్ చెయ్యి పట్టుకుని, "ఇక నాకీ ఉద్యోగం వద్దు, మీ పాదాల దగ్గర కాస్త చోటు చాలు" అంది.

నూటయాభై మందీ మళ్లీ తిరిగారు. ఈసారి ముందు తిరిగింది సంగమ్మ. బయటికొచ్చాక నన్ను పట్టుకుని, "గీమెను బతికిచ్చింది ఇంట్ల పడేటందుకా? మాకు గట్ల బతికిచ్చేటోళ్లు శానమంది ఉన్నరు" అంది.

మనం గెలవలేదు రా. ఆ మాట తీసేయి.

అక్క


హైదరాబాదు,
19 ఆగస్టు 1976

అక్కా,

తీసేశాను. నన్నూ తీసేశారు.

ఆ మాట నేను రాసింది కాదు, నిర్మాతగారే చెప్పి రాయించారు. కానీ చెయ్యి నాదే కాబట్టి తప్పూ నాదే. మార్చమని అడిగితే, "ఆడవాళ్ల కోరికలకు అంతు ఉండదు, వదిలెయ్" అన్నారు. మళ్లీ షూటింగ్ అసాధ్యం. అందుకని రైలెక్కి హైదరాబాదులో డిస్ట్రిబ్యూటరు ఆఫీసుకు వచ్చాను. ఊళ్లు మారే పెట్టెలు ఇక్కడికే వస్తాయి. ఫిల్ము అంచున సన్నగా ఒక గీత ఉంటుంది, మాటలన్నీ అందులోనే ఉంటాయి. దాని మీద నల్ల సిరా పూస్తే ఆ మేరకు వినబడదు. నాలుగు రోజులు కూర్చుని పన్నెండు పెట్టెల్లో ఆ ఒక్క మాట మీద సిరా పూశాను. బొమ్మలో ఆమె పెదవులు కదులుతాయి, అది నా చేతిలో లేదు. ఏం మాట్లాడిందో మాత్రం ఎవరికీ వినబడదు. చివరి పెట్టె పూస్తుండగా మేనేజరు చూశాడు. మద్రాసుకు ఫోను వెళ్లింది. ఆరో బొమ్మకు వేరే రచయితను పెట్టుకున్నారు. అక్కణ్ణుంచి జవాబు వచ్చేలోపే పన్నెండు పెట్టెలూ బస్సులెక్కేశాయి.

మీ ఊరికి ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. రావడానికి ముఖం చెల్లలేదు.

పదేళ్లలో నేను రాసిన మాటల్లో ఒక్కటీ నాకు గుర్తు లేదు అక్కా. చెరిపేసిన ఆ మాట ఒక్కటే గుర్తుంటుంది. భయం లేదు, బాధ లేదు.

నీ తమ్ముడు,
అహరోను


పటాన్‌చెరు,
24 ఆగస్టు 1976

నా తమ్ముడు అహరోనుకు,

ఈ ఉత్తరం చేరగానే బస్సెక్కు. నాన్న నీకు కోడిని కోయమన్నాడు. కోపం అలాగే ఉంది, కోడి కూడా ఉంది.

నువ్వు సిరా పూసిన పెట్టె మా హాలుకు శుక్రవారమే వచ్చింది. వసుంధర కళ్లు తెరిచింది. త్రినాథ్ చెయ్యి పట్టుకుంది. పెదవులు కదిలాయి, మాట లేదు. ఏమైందో హాల్లో ఎవరికీ ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆపరేటరు మిషను పాడైందనుకున్నాడు. మా వైపు నుంచి సంగమ్మ లేచి నిలబడి, ఆ పెదవులకు సరిగ్గా సరిపోయేలా, "నువ్వు ఇంటికాడ ఉండు, నేను డ్యూటికి పోతున్న" అంది.

ఎంత నవ్వారనుకున్నావు! నేల క్లాసు ఖాకీ బట్టలు కూడా నవ్వాయి. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. మర్నాడు ఆ చోటుకు వచ్చేసరికి పది మంది అన్నారు. నిన్న నూటయాభై మంది ఒక్క గొంతుతో అన్నారు, నేనూ గేటు వదిలేసి లోపలికి వెళ్లి అన్నాను. బాలప్ప సేటు ఇంకో నాలుగు బెంచీలు చేయిస్తున్నాడు.

మీ రిప్రజెంటేటివ్ మాత్రం స్క్రిప్టు కాగితాలన్నీ తిరగేసి, చెమటలు కక్కుతూ నా దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఈ డైలాగు ఇందులో ఎక్కడా లేదు. పైవాళ్లకు రిపోర్టు పంపాలి. ఎవరు రాశారని రాయను?"

నేను నోరు తెరిచేలోపే సంగమ్మ నా చేతిలోంచి చించిన టికెట్ల కట్ట లాక్కుని అతని చేతిలో పెట్టింది.

"ఇగో, పేర్లు లెవ్వు గని అందరివి ఉన్నయి. టికెట్ కొన్నోళ్లు రాసిండ్రని రాసుకో."

నీ అక్క,
సుకుమారి